మెరిసే ప్రతి పాత కూజా లోట్స్ కాదు

పాత గాజు అమ్మేవారికీ కొనేవారికీ ఒక విన్నపం. నెమలి కంఠంలా రంగులు మారే పూలకూజా కనబడగానే దానికి 'లోట్స్' అనే ప్రసిద్ధ పాత యూరప్ గాజు కార్ఖానా పేరు పెట్టేయడం దయచేసి మానండి. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను. నాలుగేళ్ల క్రితం నేను కొన్న ఎనిమిది అంగుళాల ఆకుపచ్చ కూజా అడుగున 'లోట్స్ ఆస్ట్రియా' అని చెక్కి ఉంది. అమ్మినాయన రసీదులోనూ అదే రాసిచ్చాడు. ఆ పేరు చూసే బేరం కూడా ఆడకుండా డబ్బు కట్టాను. ఆ అక్షరాల వయసు కూజా వయసు కంటే చాలా తక్కువని గ్రహించడానికి నాకు రెండేళ్లు పట్టింది.

లోట్స్ కార్ఖానా నేటి చెక్ దేశంలోని షుమవా కొండల్లో, క్లాష్టెర్‌స్కీ మ్లీన్ అనే చిన్న ఊళ్లో ఉండేది. యోహాన్ లోట్స్ భార్య సుసాన్నా ఆయన మరణానంతరం నడిపిన ఆ సంస్థ 1879లో ఆమె మనవడు మాక్స్ ఫోన్ ష్పౌన్ చేతికి వచ్చింది. ఎర్రగా కాగిన గాజు మీద వెండి కలిసిన గాజు దారాలు చుట్టి, అవి మెత్తగా ఉండగానే కొక్కెంతో లాగి అలలుగా మలచి, చివరగా లోహ లవణాల ఆవిరి పట్టించి మెరుపు తెచ్చే 'ఫెనోమెన్' వరుస కూజాలు 1898 నుంచి ఆ సంస్థకు పేరు తెచ్చాయి. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఆ గాజుకు గ్రాండ్ ప్రీ బహుమతి వచ్చింది. ఇంత ఖ్యాతి ఉన్న పేరు కాబట్టే అది ఊరూపేరూ లేని కూజాల మీదికి ఎక్కుతోంది.

అసలు చిక్కు ఏమిటంటే, అదే కాలంలో అదే బొహీమియా ప్రాంతంలో (నేటి చెక్ దేశపు పశ్చిమ భాగం, అప్పట్లో ఆస్ట్రియా పాలనలో ఉండేది) ఇలాంటి మెరుపు గాజు చేసినవారు చాలామంది ఉన్నారు. లెనోరాలో విల్‌హెల్మ్ క్రాలిక్ వారసుల కార్ఖానా, కోష్ట్యానీలో రిండ్‌స్కోఫ్, పాల్మె-కోనిగ్ వారు అందరూ ఇదే పని చేశారు. వీరి సరుకులో ఎక్కువ భాగం మీద సంతకం ఉండదు. లోట్స్ సొంత కూజాల్లోనూ చాలావాటి మీద ఉండదు. అమెరికాలో దిగుమతి వస్తువు మీద తయారైన దేశం పేరు ఉండాలని 1890 నాటి సుంకాల చట్టం నిర్బంధించింది కాబట్టి, సముద్రం దాటిన సరుకు మీద ఆస్ట్రియా అని దేశం పేరు కనిపిస్తుంది. 1918 తర్వాత దాని స్థానంలో చెకొస్లొవాకియా వచ్చింది. ఈ సంగతి కొనేవారికి ఎంత ఉపయోగమో నకిలీ సంతకం చెక్కేవారికీ అంతే ఉపయోగం.

నా కూజాను నగల పనివారు వాడే పది రెట్ల లెన్స్ కింద పెట్టి చూసిన ఆ సాయంత్రం నాకు బాగా గుర్తుంది. ఊదిన కూజాను పట్టుకున్న ఇనుప కడ్డీ విరిచిన చోట సానపట్టిన గుండ్రని గుంట ఉంటుంది. అసలైన సంతకం సాధారణంగా ఆ గుంటలోనే ఉంటుంది. నా కూజాకు అది బల్లకు ఆనే వలయం మీద ఉంది. వందేళ్లపాటు బల్లల మీద జరిగిన ఆ వలయం నిండా అన్ని దిక్కులకూ పోయే సన్నని గీతలున్నాయి. ఒక్క గీత కూడా అక్షరాల మీదుగా పోలేదు, అక్షరాలే గీతలను కోసుకుంటూ పోయాయి. ప్రతి అక్షరమూ కరెంటు సూదితో పొడిచినట్టు చుక్కలు చుక్కలుగా, అంచుల్లో తెల్లగా పొడి రాలుతున్నట్టుగా ఉంది. కూజా పాతది, సంతకం కొత్తది. నన్ను ఎక్కువగా బాధించినది నష్టపోయిన డబ్బు కాదు, నిక్షేపంలాంటి పాత వస్తువు ఒంటి మీద ఎవరో చేసిన ఆ గాయం.

సంతకాన్ని పక్కన పెడితే మిగిలేది గాజే, చదవవలసినదీ దాన్నే. లోట్స్ వారి కూజాల రూపురేఖలు గీసిన కాగితపు నమూనాలు, వరుస సంఖ్యలతో సహా, పెద్ద సంఖ్యలో మిగిలి ఉన్నాయి. ఆకారం ఆ నమూనాల్లో ఒకదానితో, అలంకరణ ఆ కార్ఖానా వాడిన వాటిలో ఒకదానితో, రెండూ కలిసి సరిపోయినప్పుడే పేరు పెట్టే హక్కు వస్తుంది. నా కూజా ఆకారం నేను చూసిన ఏ నమూనాకూ సరిపోలేదు. దాని మూతి అంచు మంటలో కరిగించి నున్నన చేసినది కాదు, అచ్చులో ఊది, పైభాగం కోసి, చదునుగా అరగదీసినది. క్రాలిక్ సరుకుతో పోలికలు ఎక్కువగా ఉన్నాయి. ఇక అతినీలలోహిత దీపం కింద గాజు ప్రకాశవంతమైన ఆకుపచ్చ రంగులో వెలిగితే యురేనియం ఉందని తెలుస్తుందే తప్ప ఎవరు చేశారో తెలియదు. యురేనియాన్ని అప్పట్లో చాలా కార్ఖానాలు వాడేవి.

హైదరాబాద్ సాలార్ జంగ్ మ్యూజియంలో యూరప్ గాజు ముందు గంటల తరబడి నిలబడే మనవాళ్లు ఎంతోమంది. ఆ ఇష్టంతోనే ఇంట్లో ఒక్క ముక్కైనా ఉండాలని కొంటారు. వారికి అబద్ధపు పేరు అమ్మడం మోసం. లెనోరా కొలిమి ముందు చెమటోడ్చి ఊదినవాడి పనిని తీసి మరొక ఊరి యజమాని ఖాతాలో వేయడం అంతకంటే పెద్ద అన్యాయం. 'తయారీదారు తెలియదు' అని రాస్తే వస్తువు విలువ పడిపోతుందని అమ్మేవారు వాదిస్తారు. పడిపోనివ్వండి, అది వస్తువు అసలు ధర.

ఇప్పుడు నా కూజా కింద పెట్టిన చీటీ మీద ఇలా రాసుకున్నాను: 'బొహీమియా, సుమారు 1900. బహుశా క్రాలిక్, లెనోరా. అడుగున సంతకం తర్వాత చెక్కినది.'