మొదటి ట్రాన్సిస్టర్ ఇంకా బయటే ఉంది
ఉపగ్రహ రిసీవర్ మొత్తం ఒక్క చిప్‌లోకి వచ్చేసింది, ఇక విడి భాగాలతో పని లేదు అని ఒక వ్యాసంలో రాశారు. సగమే నిజం. డిష్ రిపేర్లు చేసేవాడిగా పాత, కొత్త ఎల్‌ఎన్‌బీలు (డిష్ ముందు ఉండి, సిగ్నల్‌ని అందుకుని పెంచి కిందికి పంపే డబ్బాలు) రెండూ విప్పి చూశాను. పాతవాటిలో లోకల్ ఆసిలేటర్ (ఉపగ్రహ సిగ్నల్‌ని తక్కువ ఫ్రీక్వెన్సీకి దించడానికి కావాల్సిన తరంగాన్ని పుట్టించే భాగం) కోసం బిళ్లలాంటి సిరామిక్ ముక్క, దాని పైన ట్యూనింగ్ స్క్రూ ఉండేవి. ఎండకి వేడెక్కితే ఫ్రీక్వెన్సీ పక్కకి జరిగేది. ఇప్పుడు చాలావాటిలో 9.75, 10.6 గిగాహెర్ట్జ్ ఇచ్చే ఆసిలేటర్, ఆ తరంగాన్ని ఉపగ్రహ సిగ్నల్‌తో కలిపే మిక్సర్, దించిన సిగ్నల్‌ని పెంచే ఐఎఫ్ యాంప్లిఫయర్ అన్నీ గోరంత చిప్‌లోనే, పక్కన ఫ్రీక్వెన్సీని నిలకడగా ఉంచే ఒక క్రిస్టల్. స్క్రూ తిప్పే గోల పోయింది, అంతవరకు మెచ్చుకోవాల్సిందే. కానీ యాంటెన్నా పిన్ దగ్గర చూడండి, నాలుగు కాళ్ల హెచ్‌ఈఎంటీ అనే తక్కువ నాయిస్ ట్రాన్సిస్టర్లు విడిగానే సోల్డర్ చేసి ఉంటాయి. రిసీవర్ సొంతంగా కలిపే నాయిస్ ఎంతన్నది దాదాపుగా తేల్చేది ఆ మొదటి దశే మరి. దానికి ముందు అర డెసిబెల్ సిగ్నల్ పోయిందంటే, వెనకాల ఎంత గెయిన్ (పెంపు) పెట్టినా ఆ నష్టం పూడదు. ఆ చోట మామూలు సిలికాన్ చిప్ ఆ ట్రాన్సిస్టర్లలో వాడే గాలియం ఆర్సెనైడ్‌కి సాటి రావడం కష్టం. అన్నట్టు, వానకి బొమ్మ ఆగిపోవడం కూడా చిప్‌తో తీరేది కాదు. కేయూ బ్యాండ్‌లో (ఈ డిష్‌లు అందుకునే ఫ్రీక్వెన్సీల్లో) ఆ బెడద పెద్ద డిష్ పెడితేనే కాస్త తగ్గుతుంది.