సవరణ: డ్రాగ్ కారు డిక్కీలో బరువు గురించి

డ్రాగ్ రేసులో, అంటే నిటారు దారిలో తక్కువ దూరం వేగంగా దూసుకెళ్లే పందెంలో, వెనక చక్రాలు జారకుండా పట్టు రావాలంటే డిక్కీలో ఇసుక బస్తా వేస్తే చాలని నా ముందు పోస్టులో రాశాను. అది తప్పు, ప్రమాదకరం కూడా. అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ సంస్థ నిబంధనల ప్రకారం ఇసుక బస్తాలు, నీళ్లు, రాళ్లు వంటి వదులు బరువులు నిషిద్ధం. ఇనుప దిమ్మెల్ని 100 పౌండ్లకు కనీసం రెండు అర అంగుళం స్టీల్ బోల్టులతో బిగించాలి. కారు పల్టీ కొడితే వదులుగా ఉన్న బస్తా నేరుగా డ్రైవర్ మీదకే వస్తుంది. దయచేసి ఎవరూ అలా చేయకండి.

లెక్క కూడా సరిచేస్తున్నాను. డిక్కీలో 100 పౌండ్లు పెడితే వెనక చక్రాల మీద భారం సరిగ్గా 100 పౌండ్లు పెరుగుతుందని ఆ పోస్టులో అన్నాను, అది తప్పు. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 100 అంగుళాలనుకోండి. ఆ 100 పౌండ్ల బరువు వెనక ఇరుసుకు 40 అంగుళాలు వెనక్కి ఉంటే వెనక 140 పెరిగి, ముందు 40 తగ్గుతుంది. తక్కెడలాగే. అందుకే ముందు భాగం మరీ తేలికై, స్టీరింగ్ మాట వినకపోవచ్చు.

రెండు వెనక చక్రాల్నీ ఒకే గట్టి ఇరుసు కలిపే కార్లలో ఇంజిన్ తిప్పే బలం (టార్క్) వల్ల కుడి వెనక చక్రం మీద భారం తగ్గుతుంది. కాబట్టి బరువు కుడివైపు పెట్టాలని ఆ పోస్టులో నేనన్న మాట మాత్రం సరైనదే.