పెద్దమ్మ వీపు మీద దోబూచులాట

మా పెద్దమ్మ కుడి భుజం రెక్క కింద లేచిన గడ్డ మహా సిగ్గరి. ఆవిడ చెయ్యి ముందుకు చాచి ముగ్గు పెడుతున్నంతసేపూ నిమ్మకాయంత ఉబ్బి కనబడుతుంది. లేచి నిలబడి చేతులు దించితే మాయం.

విజయనగరంలో సర్జన్ దగ్గరకు తీసుకెళ్లాను. పెద్దమ్మకు డాక్టర్లంటే భయభక్తులు. నిటారుగా కూర్చుని చేతులు రెండూ ఒళ్లో పెట్టేసుకుంది. ఆయన నొక్కి చూశారు, తట్టి చూశారు.

"గడ్డ ఎక్కడుందమ్మా?"

"ఇంటికాడుంది బాబూ."

నొప్పికి పూత మందు రాసిచ్చి పంపేశారు. మూడు లాంతర్ల కూడలి దగ్గర ఆటోలోకి వంగి, చెయ్యి చాచి, "కంటోన్మెంటుకి ఇంత కిరాయేటి?" అని పెద్దమ్మ నిలదీస్తుండగా జాకెట్టు కింద టక్కున లేచింది గడ్డ. "కదలకు పెద్దమ్మా!" అని ఫోటో తీశాను. తనమీద కేసు పెడుతున్నాననుకుని ఆటోవాడు పది రూపాయలు తగ్గించాడు.

ఫోటో చూసి డాక్టర్ నవ్వి, ఈసారి చేతులు కట్టుకుని ముందుకు వంగమన్నారు. వచ్చింది మహాతల్లి. ఎమ్మారై తీయిస్తే పేరూ తేలింది: ఎలాస్టోఫైబ్రోమా డోర్సి. క్యాన్సర్ కాదు. భుజం రెక్క కింది కొసకీ పక్కటెముకలకీ మధ్య నెమ్మదిగా పెరుగుతుంది, 50 దాటిన ఆడవాళ్లలో ఎక్కువట. 1961లో ఫిన్లాండ్ వైద్యులు దీని గురించి రాశారని చెబితే, "అంత దూరం నుంచి వచ్చి నా వీపే దొరికిందేటి!" అంది పెద్దమ్మ.

నొప్పి లేకపోతే వదిలెయ్యొచ్చు. కానీ ఆవిడ కుడిపక్కకి తిరిగి పడుకోలేకపోతోంది కాబట్టి తీసెయ్యడమే మంచిదన్నారు. టేబుల్ మీద పడుకోబెట్టాక గడ్డ మళ్లీ దాక్కుంటుందేమోనని, ముందురోజు సాయంత్రమే చేతులు చాపించి పెన్నుతో చుట్టూ గీత గీశారు. తెల్లారి మా పిన్ని, "ఈ మసేటి అప్పా?" అంటూ సున్నిపిండితో బరబరా తోమేసింది. నర్సు నెత్తి పట్టుకుంది. డాక్టర్ మాత్రం మళ్లీ చేతులు కట్టించి, మళ్లీ గీసుకున్నారు. ఈసారి పిన్నిని గుమ్మం అవతలే నిలబెట్టారు.

మత్తిచ్చి గడ్డ తీసేశారు. ఆ ఖాళీలో నీరు చేరకుండా గొట్టం పెట్టి, దానికో డబ్బా తగిలించారు. బత్తాయిలు పట్టుకుని పరామర్శకొచ్చిన ఎదురింటావిడ గడ్డ చూపించమంది. బయాప్సీకి పంపేశారని చెప్పాను.

"మరేం చూసి వెళ్లమంటావు నాయనా?"

పెద్దమ్మ మొహమాటపడి, దుప్పటి తొలగించి డబ్బా చూపించింది.