టెంప్ ఫైల్స్ ఒక్కటే కాదండీ, మీడియా క్యాష్ కూడా చూడండి
సి డ్రైవ్ నిండిపోతే టెంప్ ఫోల్డర్ (తాత్కాలిక ఫైళ్లు పడుండే చోటు) ఖాళీ చేస్తే సర్దుకుంటుందని మీ పోస్టులో రాశారు కానీ, మా బామ్మర్ది లాప్‌టాప్‌లో అది చేస్తే పట్టుమని 2 జీబీ కూడా రాలేదు. వాడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు, 256 జీబీ ఎస్ఎస్‌డీ, సి డ్రైవ్ నిండిపోయిందని ఎప్పుడు చూసినా ఎర్రగీతే. ఒక్కో ఫోల్డర్ ప్రాపర్టీస్ కొట్టి చూసుకుంటూ పోతే చివరికి యాప్‌డేటాలో దొరికాడు దొంగ (అది హిడెన్ ఫోల్డర్, వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెడితేనే కనపడుద్ది), ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీడియా క్యాష్ అంట (క్లిప్పులు త్వరగా ఆడటానికి అది తయారు చేసి పెట్టుకునే తాత్కాలిక ఫైళ్లు), పెన్‌డ్రైవ్‌లు ఇచ్చేసి డబ్బులు కూడా తీసుకున్న పెళ్లిళ్లవి అలాగే మూలుగుతున్నాయి, మొత్తం 61 జీబీ!! డిలీట్ చేస్తే ఒరిజినల్ క్లిప్పులకి ఏం కాదు, ప్రాజెక్ట్ మళ్లీ తెరిస్తే అదే తయారు చేసుకుంటుంది, మొదటిసారి కాస్త నత్తనడక అంతే. సాఫ్ట్‌వేర్ మూసేసి చెయ్యండి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యండి లేకపోతే జాగా అక్కడే ఉంటుంది. తర్వాత సెట్టింగ్స్‌లో ఆ క్యాష్‌ని డి డ్రైవ్‌కి మార్చేశాం.

ఇంకోటి, బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేసేటప్పుడు కుకీస్ (మన లాగిన్‌లు గుర్తుపెట్టుకునేవి) దగ్గర టిక్ తీసెయ్యండి బాబూ, నేను చూసుకోకుండా కొట్టేసి అన్ని సైట్లలోంచీ లాగౌట్ అయిపోయా, సగం పాస్‌వర్డులు గుర్తులేవు.