చపాతీకి సున్నా, చక్రాల కుర్చీకి 5

2025 సెప్టెంబరు 22. దసరా నవరాత్రుల మొదటి రోజు. దేశమంతా జీఎస్టీ పండుగ చేసుకుంది. చపాతీ, పరోటా సున్నాలోకి వచ్చాయి. ప్యాకెట్ పన్నీరు సున్నా. పెన్సిలు, రబ్బరు, నోటుపుస్తకం సున్నా. వ్యక్తిగత ఆరోగ్య బీమా, జీవిత బీమా సున్నా. సంతోషమే, పన్ను తగ్గితే ఏడ్చేవారెవరు? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమైతే ‘సూపర్ జీఎస్టీ – సూపర్ సేవింగ్స్’ అంటూ ఊరూరా ప్రచారమే నడిపింది. అంత పెద్ద పంక్తిలో ఒక విస్తరి ఖాళీగా ఉండిపోయిన సంగతి వడ్డించేవారికి పట్టలేదు. చక్రాల కుర్చీ మీద ఆ ముందు రోజు 5 శాతం. ఆ రోజూ 5. నేడూ 5. చంక కర్రలకూ అంతే, బ్రెయిలీ రాత యంత్రానికీ అంతే.

మేజా బల్ల మీది రబ్బరుకు పన్ను తీసేయడం కుదిరింది. నడవలేని మనిషి కాళ్లకు తీసేయడం కుదరదట. ఎనిమిదేళ్లుగా వింటున్న మాట ఇదొక్కటే: కుదరదు.

కుర్చీ పన్ను ఉన్నచోటే ఉంది. కారు దగ్గర ఉన్నదే పోయింది. 40 శాతం, ఆపైన శారీరక వైకల్యం ఉన్నవారు చిన్న కారు కొంటే 28 శాతానికి బదులు 18 శాతం పన్ను, సెస్సు మాఫీ అనే ఏర్పాటు జీఎస్టీ వచ్చిన 2017 నుంచీ ఉండేది. పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు. పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించకూడదు. డాక్టరు సర్టిఫికెట్టు కావాలి, కేంద్ర భారీ పరిశ్రమల శాఖ నుంచి మరో సర్టిఫికెట్టు కావాలి, అయిదేళ్లు కారు అమ్మనని హామీ రాసివ్వాలి. ఇన్ని గడపలు ఎక్కి దిగితే దక్కేది ఎంత? ఆరు లక్షల మూల ధర ఉన్న పెట్రోలు కారు మీద మామూలు కొనుగోలుదారు సెస్సుతో కలిపి 29 శాతం, అంటే లక్షా 74 వేలు కట్టేవాడు. వికలాంగుడు లక్షా 8 వేలు కట్టేవాడు. తేడా 66 వేలు. సెప్టెంబరు 22న చిన్న కార్లన్నీ అందరికీ 18 శాతానికి దిగాయి, సెస్సు ఎత్తేశారు. కాళ్లున్నవాడికి 66 వేలు మిగిలింది. లేనివాడికి రూపాయి మిగల్లేదు. ఆ సర్టిఫికెట్టు తెచ్చుకున్నా, తెచ్చుకోకపోయినా ఇప్పుడు ఒకటే.

రాయితీని ప్రత్యేకంగా రద్దు చేయాల్సిన అవసరమే రాలేదు. అందరినీ వికలాంగుడి మెట్టు మీదికి దించి, ఆయన్ను మరో మెట్టు దించడం మరిచిపోయారు. మరిచిపోయారు అనడం మా మర్యాద. 18ని 5 చేస్తే సరిపోయేది. ఒక్క నోటిఫికేషన్, అందులో ఒక్క వరుస.

సమానం చేశాం కదా అంటారు. పోలియో వల్ల ఎడమ కాలు చచ్చుబడిన మనిషి క్లచ్ తొక్కలేడు. ఆటోమేటిక్ గేర్ల కారే కొనాలి, దాని ధర ఎక్కువ. ఆ ఎక్కువ ధర మీదా 18 శాతం. రెండు కాళ్లూ పనిచేయకపోతే బ్రేకు, యాక్సిలరేటరు చేతికి అందేలా మార్పించుకోవాలి, అది వేరే ఖర్చు. కారు మాటెందుకు, మన ఊళ్లలో ఎక్కువమంది కొనేది స్కూటీ. షోరూములో అందరిలాగే 18 శాతం కట్టి కొత్త బండి తీసుకుంటాడు. తిన్నగా ఇంటికి తీసుకెళ్లడానికి లేదు. ఏ మెకానిక్ షెడ్డుకో తోలించి, వెనక చక్రానికి అటొకటి ఇటొకటి సైడ్ వీల్స్ వెల్డింగ్ చేయించుకోవాలి, కర్రలు పెట్టుకునే క్లిప్పు బిగించుకోవాలి. తరవాత ఆర్టీవో ఆఫీసు. చట్టంలో ఆ బండి పేరు చాలాకాలం ‘ఇన్‌వాలిడ్ క్యారేజ్’, అంటే అశక్తుడి బండి. 2019 సవరణతో ఆ పేరు మార్చారు. పేర్లు మార్చడంలో మనకు లోటేమీ లేదు. వికలాంగుణ్ని దివ్యాంగుణ్ని చేసి పదేళ్లవుతోంది. పిలుపులో దివ్యం, బిల్లులో 5 శాతం.

వైకల్యం ఉన్నవాడికి అదే జీవితం గడపడానికి ఎక్కువ ఖర్చవుతుందన్నది మేము కొత్తగా కనిపెట్టింది కాదు. పార్లమెంటు చేసిన 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షనే ఆ మాట చెప్పింది. సామాజిక భద్రత పథకాల్లో ఇతరులకు ఇచ్చేదానికన్నా వీరికి కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని రాసింది. ఇచ్చే చేయి ఎక్కువ ఇవ్వాలని ఒక చట్టం, తీసుకునే చేయి మాత్రం అందరి దగ్గరా సమానంగా తీసుకుంటుందని మరో చట్టం. రెండూ ఒకే సభలో పాసయ్యాయి.

ప్రభుత్వం వాదన ఏమిటో కూడా చెప్పుకుందాం. కుర్చీ తయారీదారు ఉక్కు గొట్టాలు, మోటారు, బ్యాటరీ కొన్నప్పుడు 18 శాతం కడతాడు. కుర్చీ మీద పన్నే లేకపోతే ఆ కట్టిందానికి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్, అంటే తను కట్టాల్సిన పన్నులో ఆ మేరకు తగ్గింపు, రాదు, అది ధరలో కలుస్తుంది. విదేశీ కుర్చీకి ఆ బరువు ఉండదు కాబట్టి అది చౌకవుతుంది, మన పరిశ్రమ దెబ్బతింటుంది. 5 ఉంటే మిగిలిన క్రెడిట్ రీఫండు వస్తుంది. 2017 జులైలో ఆర్థిక శాఖ ఇచ్చిన వివరణ సారాంశం ఇది. లెక్కగా చూస్తే తప్పేమీ లేదు.

కానీ సరిగ్గా ఆ నెలలోనే, అదే ఆర్థిక శాఖ, అదే లెక్క మరో వస్తువుకూ చెప్పింది. శానిటరీ న్యాప్‌కిన్లు. సున్నా చేస్తే దేశీ తయారీదారులు క్రెడిట్ కోల్పోతారు, దిగుమతులకు లాభం, కాబట్టి కుదరదు అంది. ఆడపిల్లలు రోడ్డెక్కారు, దేశమంతా నిలదీసింది. ఏడాది తిరిగేసరికి, 2018 జులైలో, సున్నా అయింది. పరిశ్రమ మునిగిపోలేదు. వినికిడి యంత్రం మొదటినుంచీ సున్నాలోనే ఉంది. చెవికి కుదిరింది కాలికి ఎందుకు కుదరదో ఎనిమిదేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. మొన్న బీమాకు సున్నా ఇచ్చినప్పుడు కంపెనీలకు క్రెడిట్ పోతుందని తెలియదా? తెలుసు. తెలిసే ఇచ్చారు.

సరే, క్రెడిట్ పోకూడదు, దేశీ తయారీదారు నష్టపోకూడదు అనే పట్టు పడదాం. దానికీ దారి ఉంది, అదీ జీఎస్టీ చట్టంలోనే ఉంది. ఎగుమతులకు, ప్రత్యేక ఆర్థిక మండళ్లకు సరుకు పంపితే పన్ను సున్నా, పైగా ముడిసరుకు మీద కట్టిన పన్ను వాపసు. దాని పేరు జీరో రేటింగ్. అది పార్లమెంటుకు వెళ్లాల్సిన పని, ఆలస్యమంటారా? ఇంకో దారి చూడండి. ఎగుమతి వ్యాపారికి దేశంలో సరుకు అమ్మే తయారీదారు కట్టాల్సింది 0.1 శాతం. సున్నా పాయింట్ ఒకటి! 2017 అక్టోబరులో నోటిఫికేషన్‌తోనే ఇచ్చారు. పన్ను ఉన్నట్టే లెక్క, కాబట్టి క్రెడిట్ రీఫండు ఆగదు. కొనేవాడి మీద బరువూ ఉండదు. జీఎస్టీ మొదలైన నాలుగో నెలకే ఎగుమతి వ్యాపారి కోసం ఈ ఉపాయం తట్టిన అధికారులకు, చక్రాల కుర్చీ దగ్గరికి వచ్చేసరికి బుర్ర మొద్దుబారిందా?

ఈ 5 శాతమైనా దయతలచి ఇచ్చింది కాదు. మొదట కొన్ని సాధనాలకు అంతకన్నా ఎక్కువే పెట్టారు. వికలాంగుల సంఘాలు గగ్గోలు పెట్టాక దించారు. వ్యవహారం సుప్రీంకోర్టు మెట్లూ ఎక్కింది. ఇక మిగతా పట్టీ చూడండి. బంగారం 3 శాతం. సానబట్టిన వజ్రం ఒకటిన్నర. ముడి వజ్రం పావు శాతం. వజ్రాల వ్యాపారం సూక్ష్మం మాకు తెలియనిది కాదు, సూరత్‌లో లక్షల మంది దాని మీద బతుకుతున్నారు. అయినా మెడలో వేసుకునేదానికి 3, కింద పెట్టుకు నడిచేదానికి 5 అనే పట్టీని అచ్చు వేయించేటప్పుడు ఎవరి చేయీ వణకలేదా?

ఆదాయ పన్నులోనూ ఇదే తంతు. వికలాంగ ఉద్యోగికి 75 వేలు, తీవ్ర వైకల్యముంటే లక్షా 25 వేలు మినహాయింపు. 2015 బడ్జెట్లో పెట్టిన అంకె, పదేళ్లుగా కదల్లేదు. కొత్త పన్ను విధానంలో అసలు లేదు. ఆ కొత్త విధానమే ఇప్పుడు డిఫాల్టు. అక్కడా అందరికీ తగ్గించాం కదా అన్నదే జవాబు.

ఉచితంగా ఇస్తున్నాం కదా అనేవారు ఉంటారు. నిజమే, వికలాంగులకు సాధనాలిచ్చే కేంద్ర పథకం ఏడిప్ ఉంది, కాన్పూర్‌లోని ప్రభుత్వ సంస్థ అలింకో నుంచి ట్రైసైకిళ్లు వస్తాయి. శిబిరం పెడతారు. ఎండలో షామియానా కింద వరుసగా కూర్చోబెడతారు. మంత్రిగారు వచ్చేదాకా బండి ఎదురుగా ఉన్నా ఎక్కనివ్వరు. వచ్చాక అందరూ హ్యాండిల్ మీద తలా ఒక చేయి వేస్తారు. ఆ ఫొటో మర్నాడు అచ్చు వేసేది మేమే, కాదనం. కానీ నెలకు 30 వేలు దాటి సంపాదించేవాడు ఆ పథకం గీతకు అవతల ఉంటాడు. అప్పు చేసి తన కొలతకు సరిపోయే కుర్చీని తనే కొనుక్కునేవాడు చేసిన తప్పేమిటి? చేయి చాపితే ఉచితం, సొంతంగా నిలబడితే పన్ను.

ఇంతసేపూ ఢిల్లీని తిట్టాం కాబట్టి హైదరాబాద్, అమరావతి హాయిగా ఊపిరి పీల్చుకోనక్కర్లేదు. పన్ను రేట్లు తేల్చే జీఎస్టీ కౌన్సిల్ కేంద్రం ఒక్కదానిది కాదు. ఓటు బలంలో మూడింట రెండు వంతులు రాష్ట్రాలది. రెండు తెలుగు రాష్ట్రాల ఆర్థిక మంత్రులకూ ఆ బల్ల దగ్గర కుర్చీ ఉంది, చక్రాలు లేని కుర్చీ. ఒకరు పండుగ చేసుకొచ్చారు, మరొకరు తగ్గే రాబడికి పరిహారం అడిగారు. రాష్ట్రం డబ్బు రాష్ట్రానికి అడగడం తప్పు కాదు. ఆ పేచీలో వైకల్యానికి సదరం సర్టిఫికెట్టు పట్టుకుని తిరిగేవాడి ఊసేదీ?

హైదరాబాద్ కోఠీలో ఏ సర్జికల్ షాపులోనైనా మోటారు కుర్చీ బిల్లు అడిగి చూడండి. సరుకును గుర్తించే హెచ్ఎస్ఎన్ కోడ్ 8713. ధర లక్ష అనుకుందాం. కింద రెండు వరుసలుంటాయి. కేంద్రం వాటా సీజీఎస్టీ 2.5 శాతం, 2,500. రాష్ట్రం వాటా ఎస్జీఎస్టీ 2.5 శాతం, 2,500. మొత్తం 5,000. తెలంగాణలో వికలాంగుడి నెల పింఛను 4,016. అంటే నెల పింఛనంతా పోసినా కుర్చీ మీది పన్నుకు ఇంకా 984 బాకీ. ఆంధ్రప్రదేశ్‌లో 6,000 ఇస్తున్నారు, కుర్చీ కొన్న నెలలో చేతిలో మిగిలేది వెయ్యి.

కౌన్సిల్ తదుపరి సమావేశానికి మంత్రులిద్దరూ ఆ బిల్లు జేబులో పెట్టుకు వెళ్లాలి. ఎగుమతి వ్యాపారికి 0.1, ఈ కుర్చీకి 5 ఎందుకని అడగాలి. కుర్చీకి 0.1, మార్పులు చేసిన బండికి 5 అనిపించుకుని రావాలి. మళ్లీ ‘కుదరదు’ అన్న మాట విని తలూపి తిరిగి రావడానికైతే విమానం ఖర్చు దండగ. ఢిల్లీ మీద నెపం నెట్టేముందు ఒకసారి బిల్లు తిప్పి చూసుకోండి. అందులో రెండో వరుస మీదే.