నా లోపలి అప్రస్తుత ప్రసంగి గారికి

మహారాజశ్రీ అప్రస్తుత ప్రసంగి గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం అని రాద్దామనుకున్నాను గానీ, మీరు ఉండేదీ ఇక్కడే కాబట్టి అబద్ధం రాస్తే వెంటనే దొరికిపోతాను.

మీకు ఆ పేరు పెట్టింది నేనే. చిన్నప్పుడు మా ఊరి గుడి మండపంలో నాన్న పక్కన కూర్చుని అష్టావధానం చూశాను. పద్యాలు చెప్పే అవధాని చుట్టూ 8 మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్లు. ఒకరు పూర్తి చేయమని సమస్య ఇస్తారు, ఒకరు పద్యంలో ఇమడ్చమని పదాలిస్తారు, అది దత్తపది, ఒకరు అక్షరం అక్షరానికీ అడ్డుపడుతూ నిషిద్ధాక్షరి. ఇంకొకరు మధ్యమధ్యలో గంట కొడుతుంటారు, మొత్తం ఎన్ని కొట్టారో అవధాని లెక్క చెప్పాలి, అదే ఘంటా గణనం. పద్యాలు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నచ్చింది మాత్రం అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన. అవధాని రెండో పాదంలో ఉండగా "అయ్యా, ఇవాళ మీ ఇంట్లో ఏం కూర?" అని అడగడమే ఆయన ఉద్యోగం. ధ్యాస చెదరగొట్టాలి, అంతే.

అదే ఉద్యోగం మీరు నా దగ్గర ముప్పై ఏళ్లకు పైగా చేస్తున్నారు. ఒక్క సెలవు పెట్టలేదు. పండగలకూ డ్యూటీలోనే ఉంటారు. రాత్రి షిఫ్టంటే మరీ హుషారు.

ఆ మధ్య ఒక మంగళవారం సంగతే చూద్దాం. రాత్రి తొమ్మిదింటికి మేనేజర్‌కి రిపోర్టు పంపాను. ఎప్పుడూ "ఓకే, థాంక్స్" అనో, బొటనవేలి బొమ్మో వచ్చేది. ఆ రోజు ఉత్త "ఓకే" వచ్చింది. దాని పక్కన ఒక చుక్క. ఫుల్‌స్టాప్. ఇంకొకరైతే ఫోను చార్జింగ్‌కి పెట్టి పడుకుంటారు. మీరు గొంతు సవరించుకుని "అమ్మా, ఆ చుక్క గమనించారా?" అన్నారు. పదకొండింటికి ఆ చుక్కకి కోపం వచ్చింది. పన్నెండున్నరకి నా అప్రైజల్ పోయింది. ఒంటిగంటకి ఈఎంఐ కట్టలేక ఫ్లాట్ అమ్మేసి, నేనూ మా ఆయనా అమ్మవాళ్లింటికి చేరాం. రెండింటికి మా పిన్ని వచ్చి "నే ముందే చెప్పలా, నువ్వు మరీ సెన్సిటివ్ అని" అంది. పిన్నిని ఈ కథలోకి ఎందుకు లాగారో నాకు ఇప్పటికీ తెలియదు. ఫ్లాట్ పోయిన దిగులేమీ లేకుండా మా ఆయన పక్కనే గురక పెడుతున్నారు. ఒక్క చుక్క చుట్టూ రాత్రంతా ఇంత ముగ్గు పెట్టగల చెయ్యి ఇంకెవరికైనా ఉందా?

ఇక మీ ధారణ. అవధాని చివర్లో పద్యాలన్నీ తడుముకోకుండా అప్పజెప్తాడు చూడండి, దానికి మీరేం తీసిపోరు. 2008లో నా పెళ్లిచూపుల్లో ఒకావిడ "ఫొటోలో బాగుంది" అంది. ఆ "లో" మీద ఆవిడ వేసిన బరువు ఎంతో, గ్రాము తేడా రాకుండా ఈ రోజుకీ అప్పజెప్తారు. అదే ఏడు నన్ను ఎవరైనా మెచ్చుకున్నారా అని అడిగితే మాత్రం, ఆ పద్యం నాకివ్వలేదండీ అంటారు.

"పట్టించుకోకు", "లైట్ తీసుకో" అని అందరూ చెప్తారు. కోతిని తలచుకోకుండా మందు తాగమన్న వైద్యుడి కథ మనకు తెలిసిందే కదా, ఇదీ అదే వైద్యం. అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కోతి బదులు తెల్ల ఎలుగుబంటిని పెట్టి, 1987లో ఈ కథనే ప్రయోగంగా అచ్చు వేశారు. మనసులోకి వచ్చింది వచ్చినట్టు పైకి చెప్పండి, తెల్ల ఎలుగుబంటిని మాత్రం తలచుకోకండి, వస్తే గంట కొట్టండి అన్నారు. గంటలు మోగుతూనే ఉన్నాయట. ఘంటా గణనం అక్కడా ఉందన్నమాట! ఆ తర్వాత ఇక కావలసినంత తలచుకోండి అంటే, ముందు బలవంతాన ఆపుకున్నవాళ్లకే అది మరీ ఎక్కువగా వచ్చింది. అయితే కొందరికి ముందే ఒక మాట చెప్పి ఉంచారు, ఎలుగు గుర్తొస్తే దాని బదులు ఎర్ర ఫోక్స్‌వ్యాగన్ కారుని తలచుకోండి అని. వాళ్లకు ఆ పోటు తగ్గింది. మన వైద్యుడు కోతిని వద్దన్నాడే గానీ, చేతికి ఇంకోటి ఇవ్వడం మర్చిపోయాడు.

పనిలో పని, అక్కడే ఎలైన్ ఆరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990లలో నాలాంటి సెన్సిటివ్ వాళ్ల మీద పరిశోధన చేసి, నూటికి 15 నుంచి 20 మంది ఇలాగే ఉంటారని, ఇది జబ్బు కాదు, పుట్టుకతో వచ్చిన తీరు అని రాశారు. పిన్నికి ఫార్వర్డ్ చేశాను. బొటనవేలి బొమ్మ పెట్టింది. ఆ బొటనవేలి గురించి మీరు ఆ సాయంత్రం చేసిన ప్రసంగం ఇక్కడ రాయను.

ధ్యాస నిలవడానికి ఒక యాప్ కూడా వేసుకున్నాను. తేనె పూసిన గొంతుతో ఒకాయన శ్వాస మీద దృష్టి పెట్టమనేవాడు. నాలుగో రోజు మానేశాను. ఇంకో మూడు రోజులకు నోటిఫికేషన్: "మీరు 3 రోజులుగా ప్రశాంతంగా లేరు." ఒక యాప్ నన్ను మాటన్నదని ఆ రాత్రీ నిద్ర లేదు. తీసేశాను.

చివరికి నా ఎర్ర కారు మా గుమ్మం ముందు దొరికింది. ధనుర్మాసంలో కారిడార్‌లో ముగ్గు మొదలుపెట్టాను, సంక్రాంతి వెళ్లినా మానలేదు. 15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు. అంటే మొత్తం 169 చుక్కలు, మెలికల ముగ్గు. గీత ఒక్క చుక్కనూ తాకకూడదు, ఏ చుక్కనూ వదలకూడదు, తిరిగి తిరిగి మొదలైన చోటికే రావాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి జారుతుంటే ఆ సన్నటి సర్రుమనే చప్పుడు వినాలి. చెయ్యి ఆగిందా, అక్కడ పిండి కుప్పపడుతుంది. తొందరపడిందా, గీత తెగుతుంది. మొదటి వారం మీ ప్రసంగాలన్నీ నేల మీదే కనిపించేవి: ఇదిగో ఇక్కడ ఫుల్‌స్టాప్, ఇక్కడ పిన్ని, ఈ వంకర 2008.

అప్పుడే గుడి మండపం మళ్లీ గుర్తొచ్చింది. ఏం కూర అని అడిగినాయన్ని అవధాని కసరలేదు, విననట్టు నటించనూ లేదు. ఆయన వైపు తిరిగి నవ్వుతూ ఏదో చమత్కారం విసిరాడు, జనం చప్పట్లు కొట్టారు, ఆ చప్పట్లు ఆగకముందే మూడో పాదం ఎత్తుకున్నాడు. అంత చిన్న పని. నేను ఇన్నేళ్లుగా ఏం చేశానంటే, పద్యం పక్కన పెట్టి, మీకు కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, కూర వండే విధానం మొత్తం చెప్పాను.

మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేస్తానని భయపడకండి. ఆ పీఠం ఖాళీగా ఉంటే అది అష్టావధానమే కాదు. పైగా పోయిన నెల అమ్మ ఫోన్లో "బానే ఉన్నాను" అంటే, ఆ "బానే" రోజూ కంటే కాస్త కిందికి దిగిందని పట్టుకున్నది మీరే. తమ్ముణ్ని వెళ్లి చూడమంటే, 102 జ్వరంతో పడుకుని ఉంది. తమ్ముడు అంతకు గంట ముందే మాట్లాడి, బాగుందని చెప్పాడు. ఆ రోజు మీరు మాట్లాడింది అప్రస్తుతం కాదు. అందుకని పీఠం ఉంటుంది. 8లో ఒకటి మాత్రమే. మైకు ఉండదు.

కొత్త పద్ధతి మీకూ కొంచెం ఇబ్బందిగానే ఉన్నట్టుంది. నిన్న పొద్దున నలభై చుక్కలు చుట్టానో లేదో వచ్చేశారు.

"అమ్మా, ఆ ఫుల్‌స్టాప్..."

"అవునండీ, గుండ్రంగా ఉంది. నాకింకా 129 ఉన్నాయి, కాస్త ఆ పిండి గిన్నె ఇటు జరపండి."

కాసేపు మాట్లాడలేదు మీరు. ఆ కాసేపట్లో పన్నెండు చుక్కలు అయ్యాయి. పదమూడో దానికి పెళ్లిచూపులు ఎత్తారు. గీత వంకరపోయింది. తడిగుడ్డతో ఆ ఒక్క మెలికా తుడిచి మళ్లీ వేశాను.

ఇట్లు,
మీ అవధాని (ఇంకా అప్రెంటిసే)

తా.క.: ఇది రాస్తుండగా డెలివరీ అబ్బాయి ముగ్గు మధ్యలోంచి నడిచి వెళ్లాడు. మీరు అప్పుడే లేచి నిలబడ్డారు. కావాలనే తొక్కాడా అనే కదా? సైజు 9, కుడికాలు, స్పోర్ట్స్ షూ. కూర్చోండి.