చిల్లులు పడిన ఆకులను ఉండనిద్దాం

తోటలోకి సీతాకోకచిలుకలు రావాలని అడవిపూల విత్తనాలు చల్లినవారే, కొన్ని వారాల తరువాత ఆకు మీద గొంగళిపురుగు కనబడగానే మందు సీసా కోసం వెతకడం నేను చాలాసార్లు చూశాను. పువ్వును ప్రేమించి పురుగును ఏవగించుకునే తోటకు సీతాకోకచిలుక వచ్చి పోతుందే గాని, అక్కడ దాని సంతతి నిలవదు. అందుచేత అడవిపూలు పెంచదలచినవారు పూల రంగులకన్నా ముందు ఆకుల గురించి ఆలోచించాలని నా అభిప్రాయం.

రెక్కలు వచ్చిన సీతాకోకచిలుక అనేక రకాల పూలలో మకరందం తాగగలదు. దాని పిల్లకు ఆ వెసులుబాటు లేదు. చాలా జాతుల గొంగళిపురుగులు ఒకే మొక్కను, లేదా ఒకే కుటుంబానికి చెందిన కొద్ది మొక్కలను మాత్రమే తిని బతుకుతాయి. తల్లి ఆకు మీద వాలి, కాళ్లతోనే దాని రుచి చూసి, బిడ్డలకు పనికివచ్చే మొక్కేనని తేలాక గుడ్డు పెడుతుంది. ఉత్తర అమెరికాలో కనబడే మోనార్క్ అనే సీతాకోకచిలుక పిల్లలకు మిల్క్‌వీడ్ జాతి మొక్కలే ఆహారం. మిల్క్‌వీడ్ మన జిల్లేడుకు దగ్గరి చుట్టం. ఆకు తుంచితే అలాగే తెల్లని పాలు కారుతాయి. ఆ పాలలోని విషాన్ని గొంగళిపురుగు తన ఒంట్లో దాచుకుంటుంది, రెక్కలు వచ్చాక కూడా అది ఒంట్లో మిగలడం వల్ల చాలా పక్షులు దాని జోలికి రావు. ఐరోపాలో పీకాక్, స్మాల్ టార్టాయిస్‌షెల్ అనే అందమైన సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టేది, ముట్టుకుంటే మంట పుట్టించే నెటిల్ మొక్క మీద. ఆ మొక్కను కలుపు అని వేళ్లతో సహా పెకలించి, పక్కనే పూలు నాటి సీతాకోకచిలుకల కోసం ఎదురుచూడటంలో అర్థం లేదు.

విత్తనాల పొట్లం మీద అడవిపూలు అని రాసి ఉన్నంత మాత్రాన అవి మనం ఉన్న ప్రాంతపు పూలు కానక్కరలేదు కనుక, లోపలి జాతుల పేర్లు చదివి, స్థానికమైనవాటినే ఎంచుకోవాలి. ఉష్ణమండలపు మిల్క్‌వీడ్ సంగతే చూడండి. ఎరుపు, పసుపు పూలతో అది కనువిందు చేస్తుంది, మోనార్క్‌లు దాని మీద గుడ్లు కూడా పెడతాయి. కాని చలి తక్కువగా ఉండే చోట అది శీతకాలంలోనూ వాడిపోదు కాబట్టి, మోనార్క్‌లకు సోకే ఒక పరాన్నజీవి దాని ఆకుల మీద పోగుపడుతూ పోతుంది. మంచి ఉద్దేశంతో నాటిన మొక్కే ఇలా కీడు చేయగలదు.

వ్యవసాయం తెలిసిన ఇళ్ల నుంచి వచ్చిన మనకు ఒక మాట వింతగా తోచవచ్చు: చాలా రకాల అడవిపూలకు ఎరువు వేయకూడదు. నేల సారవంతమైతే గడ్డి ఏపుగా పెరిగి వాటిని అణచివేస్తుంది. ఉన్న గడ్డిని తొలగించి, సన్నని విత్తనాలను ఇసుకతో కలిపి చల్లి, మట్టిలో లోతుగా పూడ్చకుండా పాదంతో అదిమితే చాలు. చలి తగిలితే గాని మొలకెత్తని విత్తనాలు కొన్ని ఉంటాయి, వాటిని ఆకురాలు కాలంలో చల్లాలి. ఏళ్ల తరబడి బతికే మొక్కలు (బహువార్షికాలు) మొదటి ఏడాది చాలావరకు ఆకులకే పరిమితమవుతాయి, కాబట్టి పూలు రాలేదని తొందరపడి దున్నేయవద్దు.

ఇక చిమ్మటల (మాత్‌ల) మాట. వీటి పక్షాన మాట్లాడేవారు తక్కువ గనుక కొంచెం ఎక్కువగానే చెబుతాను. సీతాకోకచిలుకలు, చిమ్మటలు కలిసి ఉన్న కీటకాల వర్గంలో శాస్త్రజ్ఞులు ఇంతవరకు పేరు పెట్టిన 1,50,000కు పైగా జాతుల్లో సీతాకోకచిలుకలు దాదాపు 18,000 మాత్రమే, తక్కినవన్నీ చిమ్మటలే. ఉన్ని బట్టలు కొరికేవి వాటిలో అతి కొద్ది జాతుల పిల్లలు. మనం అపురూపంగా కట్టుకునే పట్టు కూడా ఒక చిమ్మట పిల్ల అల్లిన గూటి నుంచే వచ్చింది. మడగాస్కర్‌కు చెందిన ఒక తెల్లని ఆర్కిడ్ పువ్వుకు దాదాపు 30 సెంటీమీటర్ల మకరందపు గొట్టం ఉండటం చూసి, అంత పొడవైన నాలుక గల చిమ్మట అక్కడ ఉండి తీరాలని 1862లో చార్లెస్ డార్విన్ రాశాడు. ఆయన కన్నుమూసిన 21 ఏళ్లకు, 1903లో, అలాంటి చిమ్మటను శాస్త్రజ్ఞులు వర్ణించారు. పువ్వుకు, చిమ్మటకు మధ్య ఉన్న బంధం అంతటిది. సాయంత్రం విచ్చుకుని చీకట్లో పరిమళించే లేతరంగు పూలకు తోటలో ఒక మూల చోటిస్తే చిమ్మటలు వెతుక్కుంటూ వస్తాయి. అయితే రాత్రంతా ఆరుబయట దీపం వెలుగుతుంటే అవి పూలను వదిలి దాని చుట్టూ తిరుగుతూ అలసిపోతాయి కాబట్టి, అవసరం లేని దీపాన్ని ఆర్పేయడం కూడా తోటపనిలో భాగమే.

పురుగుమందులు వాడకూడదని వేరే చెప్పనక్కరలేదు. కొనే మొక్కలకు ముందే మందు పట్టించారేమో అమ్మేవారిని అడగాలి, ఎందుకంటే కొన్ని మందులు మొక్క ఒంటికంతటికీ పాకి మకరందంలోకి, పుప్పొడిలోకి కూడా చేరతాయి. ఆకురాలు కాలంలో తోటను అద్దంలా ఊడ్చే అలవాటును కూడా కొంత మానుకోవాలి. రాలిన ఆకుల కింద, ఎండిన కాడల మీద, పైపొర మట్టిలో ఎన్నో జాతుల గుడ్లు, పురుగులు, గూళ్లు చలికాలం గడుపుతుంటాయి. ఆ ఆకులను సంచులకెత్తి పారవేస్తే, వచ్చే వసంతంలో మన పూల మీద వాలవలసినవి కూడా ఆ సంచుల్లోనే వెళ్లిపోతాయి.